చీటీ మీద యాభై ఏడు

మా అన్నయ్య కంప్యూటర్ బల్ల పక్కన ఒక చెక్క స్టూలు ఉంటుంది. దానికి మూడు కాళ్ళే సరిగ్గా ఉన్నాయి. నాలుగోదాని కింద అట్టముక్క మడిచి పెట్టాలి, లేకపోతే ఊగుతుంది. ఆ అట్టముక్క పెట్టింది నేనే. రెండేళ్ళుగా దాని మీద కూర్చుంటున్నదీ నేనే. ఈ సెలవుల్లో ఆ స్టూలు నాకు కాకుండా పోతుంటే చూస్తూ ఊరుకోలేక ఒక పని చేశాను.

మాకు ఊరి మెయిన్ రోడ్డు మీద కళ్ళజోళ్ళ షాపు ఉంది. ముందు గదిలో నాన్న కళ్ళు పరీక్ష చేస్తారు. వెనక గదిలో అన్నయ్య అద్దాలను ఫ్రేములకు తగ్గట్టు మెషిన్ మీద అరగదీస్తాడు. మేడ మీద మేం ఉంటాం. రోడ్డుకు అటు పక్క మా బడి. అక్కడ హాజరు పిలిస్తే నా గొంతు రెండో బెంచీ దాటదు. బడికి వెళ్ళి కూడా రెండుసార్లు రానట్టు రాయించుకున్నదాన్ని నేను. "దీని నోట్లో నాలుక ఉందో లేదో ఒకసారి డాక్టరుకి చూపించాలి" అంటుంది అమ్మ.

ఆ స్టూలు మీద మాత్రం అరుస్తాను.

అన్నయ్య ఆడేది కారు ర్యాలీ ఆట. బల్లకి స్టీరింగ్ బిగించుకుని, కింద పెడల్స్ పెట్టుకుని ఆడతాడు. అడవుల్లో, కొండల మీద, మట్టి రోడ్లలో దూసుకుపోయే ఆ కారుకి ముందున్న మలుపు కనిపించదు. పక్క సీట్లో ఒకరు కూర్చుని కాగితం చూసి చెబుతూ ఉండాలి. "కుడి ఆరు" అంటే దాదాపు తిన్నగా ఉన్నట్టే. "ఎడమ రెండు" అంటే కారు తిరగబడే మలుపు. అంకె తగ్గేకొద్దీ మలుపు ముదురుతుంది. "బిగుసుకుంటుంది" అంటే పోనుపోను మలుపు ఇంకా ముదురుతుందని, "లోపలికి కోయకు" అంటే లోపలి అంచు మీదుగా అడ్డంగా పోవద్దని. ఆటలోనే ఒక గొంతు ఇవన్నీ చెబుతుంది గానీ, మనకి రాని భాషలో గడగడా వాగేస్తుంది. అన్నయ్య దాని నోరు మూయించి ఆ పని నాకిచ్చాడు. ప్రతి దారికీ నేనే నోట్సు రాశాను, నా డైరీ వెనక పేజీల్లో. ముందు నుంచి నా రోజులు, వెనక నుంచి అన్నయ్య మలుపులు.

"ఎడమ మూడు! బిగుసుకుంటుంది! లోపలికి కోయకు, రాయుంది!"

కింద షాపులో ఎవరైనా ఉలిక్కిపడి, "పైన ఏంటండీ గొడవ?" అని అడిగితే, నాన్న అద్దం తుడుస్తూనే, "ఏం లేదండీ, మా అమ్మాయి వాళ్ళన్నకి దారి చెబుతోంది" అంటారు.

సెలవులు మొదలైన వారానికి పిన్ని కూతురు వచ్చింది. పిన్నికి కంటి వెనక పొర ఊడిందని ఆపరేషను చేశారు. నెలన్నర తల ఎత్తకుండా పడుకోవాలన్నారు. బాబాయి ఆసుపత్రికీ ఉద్యోగానికీ మధ్య తిరుగుతున్నాడు. అందుకని తనని మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. నాకంటే మూడు నెలలు పెద్దది. అక్కా అని పిలవమంది అమ్మ. మూడు నెలలకి అక్క ఏమిటని నేను ఏమీ పిలవకుండా నెట్టుకొచ్చాను. తను వచ్చిన రెండో రోజే అమ్మ దానికి రేడియో అని పేరు పెట్టింది. ఆపే బటన్ లేని రేడియో.

వచ్చీ రాగానే స్టూలు మీద కూర్చుంది. స్టూలు ఊగింది.

"అయ్యో అన్నయ్యా, దీనికి కాలు కుంటిదా? అచ్చం నాలాగే, ఒక్కచోట నిలవదు!"

అన్నయ్య పగలబడి నవ్వాడు. రెండేళ్ళు అదే స్టూలు మీద కూర్చుని నేను ఒక్క జోకు కూడా వేయలేదని అప్పుడు తెలిసింది. ఇంకో సంగతి కూడా. నా అన్నయ్యని అది 'అన్నయ్యా' అంది. వరసకి అలాగే పిలవాలి, తప్పేం లేదు. అయినా ఎవరో నా చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళినట్టు అనిపించింది.

మూడో రోజు సాయంత్రం అన్నయ్య కారు స్టార్ట్ చేసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచాడు.

"ఏయ్ బుడ్డీ, నీ పుస్తకం ఇలా ఇవ్వు. ఇవాళ రేడియో చదువుతుందట."

బుడ్డి అంటే నేనే. సోడాబుడ్డి అద్దాల పిల్లని. బడిలో అంటే ఏడుపొచ్చే ఆ మాట అన్నయ్య సగానికి విరిచి ముద్దు పేరు చేశాడు. ఆ ముద్దు పేరుతోనే నా పుస్తకం అడిగాడు. ఇవ్వనని అనడానికి నోరు కావాలి. ముందు పేజీలన్నిటినీ కలిపి బట్టలారేసే క్లిప్పు ఒకటి పెట్టి ఇచ్చాను.

"ఇదేంటే, బ్యాంకు లాకరా?" అని క్లిప్పుని వేలితో మీటింది రేడియో.

చదివింది. గొంతు గంటలా ఉంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసింది దానికి. నేను రాసిన మలుపులు, నేను కనిపెట్టిన రాయి, మూడు రోజులు కుస్తీ పట్టి పేరు పెట్టిన "గేదె వంపు", అన్నీ దాని నోట్లోంచి నాకంటే బాగా వచ్చాయి. మా ఇద్దరి రికార్డు మీద పదకొండు సెకన్లు తగ్గింది. వాళ్ళిద్దరూ అరచేతులు చరుచుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి కళ్ళలో నిప్పులు పోసుకున్నాను.

పిన్ని కన్ను బాగాలేదు కాబట్టి రేడియోని నవ్వించాలని అన్నయ్య అలా చేస్తున్నాడని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట చల్లారదు. పైగా రెట్టింపవుతుంది, ఎందుకంటే కోప్పడే హక్కు కూడా ఉండదు.

ఆ నెలలోనే హెడ్‌సెట్ సంగతి వచ్చింది. తలకి తొడుక్కుంటే ఆట కళ్ళ ముందు కాదు, మన చుట్టూ ఉంటుంది. తల తిప్పితే కారు కిటికీలోంచి చెట్లు కనపడతాయి. అన్నయ్య ఏడాదిగా జీతం దాచుకుంటున్నది దానికోసమే. రాత్రి భోజనాల దగ్గర నాకు చూపించడానికి ఫోన్లో బొమ్మలు దాచిపెట్టుకునేవాడు. ఇప్పుడు మాత్రం ముగ్గురం కలిసి బస్సెక్కి పక్క టౌన్‌లో ఉన్న కంప్యూటర్ షాపుకి వెళ్ళాం.

షాపాయన మూడు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకటి వైరు లేనిది. అన్నయ్య దాన్ని వెంటనే పక్కకి జరిపాడు.

"కుర్చీలో కూర్చుని స్టీరింగ్ తిప్పేవాడికి వైరు అడ్డమేం కాదండీ. ఎగిరి గంతులేసేవాళ్ళకి కదా ఆ బాధ. దీనికి బ్యాటరీ అయిపోతుంటుంది, బరువూ ఎక్కువ."

మిగిలినవి రెండు. ఒకదాంట్లో బొమ్మ చాలా పదును. దూరంగా ఉన్న బోర్డు మీద బాణం గుర్తు కూడా కనపడుతుంది, ర్యాలీకి అదే కావాలి. కానీ దాని అద్దాలు ఒకేచోట బిగించేసి ఉంటాయి. రెండోదాంట్లో బొమ్మ ఒక పిసరు మసక, వెల కాస్త ఎక్కువ. కానీ కింద చిన్న నాబ్ ఉంటుంది. తిప్పితే రెండు అద్దాలూ దగ్గరికి, దూరానికి జరుగుతాయి. ఎవరి కళ్ళకి తగ్గట్టు వాళ్ళు జరుపుకోవచ్చు.

"నూటికి తొంభైమంది బిగించినదే తీసుకుంటారు బాబూ," అన్నాడు షాపాయన. చూపించడానికి తీసి ఉంచింది అదొక్కటే. ముగ్గురం వంతులవారీగా పెట్టుకున్నాం.

అన్నయ్య, "భలే ఉంది" అన్నాడు. రేడియో అయితే గాల్లో చేతులు ఆడిస్తూ, "అమ్మో, ఆకులు! ఒక్కొక్క ఆకూ కనపడుతోంది! అన్నయ్యా, నేనిక దీంట్లోనే కాపురముంటా!" అని షాపు అదిరేలా అరిచింది. నా వంతు వచ్చింది. నాకు రెండు రోడ్లు కనపడ్డాయి, ఒకదాని మీద ఒకటి. నుదుటి లోపల ఎవరో దారం లాగుతున్నట్టుంది. నా కళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. చిన్నపిల్లల ఫ్రేములే సరిపోతాయి నాకు.

"ఎలా ఉంది బుడ్డీ?"

అందరూ నా వైపు చూస్తున్నారు. ముఖం సరిపోని పిల్ల అనిపించుకోవడం ఇష్టంలేక, "బాగుంది" అన్నాను.

బస్సులో రేడియో అంది: "అన్నయ్యా, ఆ పదునుదే తీసుకో. కారు నడిపేది నువ్వూ నేనూ. నోట్సు చదివేవాళ్ళకి హెడ్‌సెట్‌తో పనేముంది, కాగితం కనపడితే చాలు."

అది నన్ను ఉద్దేశించి అనలేదు. అదే ఇంకా మంట. దాని లెక్కలో నేను లేనేలేను.

అన్నయ్య కిటికీలోంచి చూస్తూ, "ఇంటికెళ్ళాక అందరి పీడీ కొలుద్దాం. అప్పుడు చెప్తా," అన్నాడు.

పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. మా షాపులో అది కొలవకుండా ఏ అద్దమూ కొయ్యరు. కొలిచినవాళ్ళు చీటీ మీద పేరు, అంకె రాసి కింద సంతకం పెట్టాలి. సంతకం ఉన్న చీటీని ఎవరూ రెండోసారి కొలవరు. అది నాన్న పెట్టిన పద్ధతి. ఈ ఏడాదే నాన్న నాకు సంతకం పెట్టే హక్కు ఇచ్చారు. "దీని చెయ్యి కదలదు" అని షాపుకొచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆ మాట డైరీలో రెండుసార్లు రాసుకున్నాను.

అమ్మని కొలవబోతే, "నాకెందుకే కళ్ళకి గంతలు, గానుగెద్దులా ఇప్పటికే తిరుగుతున్నాగా" అని పంపేసింది. అన్నయ్యకి అరవై ఆరు. ఆ తర్వాత రేడియో నా ఎదురుగా కూర్చుంది.

చేయి చాచినంత దూరంలో కూర్చోవాలి. ముందు నా కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తూ, ఎదుటివాళ్ళ ఒక పాప నడుమ స్కేలు సున్నా కలపాలి. తర్వాత కన్ను మార్చి రెండో పాప దగ్గర అంకె చదవాలి. ఎవరి ముఖంలోకీ సూటిగా చూడలేని నేను ఈ ఒక్క పనిలో చూడగలను. మధ్యలో స్కేలు ఉంటుంది కాబట్టి కాబోలు.

"ఇంత దగ్గరగా కన్ను కొడుతున్నావేంటే, నాకు నవ్వొస్తోంది!"

"కదలకు."

"అబ్బో, మాటలొచ్చాయే దీనికి! పెద్దమ్మా, విన్నావా?"

అరవై నాలుగు. ఆ బిగించిన హెడ్‌సెట్ అద్దాలు కూడా అరవై నాలుగు దగ్గరే ఉంటాయని పెట్టె మీద రాసి ఉంది. దానికోసమే పుట్టినట్టున్నాయి దాని కళ్ళు. అన్నయ్యకి అటూ ఇటూగా సరిపోతుంది. సరిపోనిది నాకొక్కదానికే. నాది యాభై ఏడు.

రేడియో పిన్నికి ఫోన్ చెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను మూడు చీటీలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నిజం రాస్తే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు కనపడింది. 'ఒక్కదానికోసం బొమ్మ మసకది ఎందుకన్నయ్యా?' అంటుంది అది. అన్నయ్య నవ్వుతాడు. పదునుది వస్తుంది. ఇక వాళ్ళిద్దరూ ఆ చెట్ల మధ్య తిరుగుతుంటే నేను తలుపు దగ్గర నిలబడాలి. సరిపోనిది నేను కాక అదే అయితే? అన్నయ్య ఏం చేస్తాడో చూద్దాం. దానికి సరిపోకపోతే అదే స్టూలు దిగుతుంది.

దాని పేరు పక్కన యాభై ఏడు రాశాను. నా పేరు పక్కన అరవై నాలుగు. రెండిటి కిందా సంతకం పెట్టాను. చెయ్యి నిజంగానే కదలలేదు.

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చి, చీటీల మీద ఒక్కసారి కళ్ళు పరిగెత్తించాడు.

"యాభై ఏడు ఉంది కదా. ఇంకేముంది ఆలోచించడానికి, నాబ్ ఉన్నదే."

అంతే. ఈల వేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను అనుకున్నదేదీ జరగలేదు. ఏడాది జీతం, దూరంగా కనపడే బాణం గుర్తులు, అన్నీ ఒక్క క్షణంలో వదిలేసుకున్నాడు, దానికోసం. నాకోసమైతే ఇలాగే చేసేవాడా? అది ఇక ఎప్పటికీ తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాశాను. రాసి కొట్టేశాను.

వారానికి పెట్టె వచ్చింది. చీటీలు మూత లోపల అతికించి, ఎవరి అంకె చూసుకుని వాళ్ళు నాబ్ తిప్పుకోవాలనుకున్నాం. అన్నయ్యకి తన అంకె కంఠతా వచ్చు, చీటీ అక్కర్లేదు. తను ఒక దారి పూర్తిచేసి, నాన్న పిలిస్తే కిందికి వెళ్ళాడు. రేడియో మూత తెరిచింది.

"నాది యాభై ఏడా? మరి ఆ రోజు షాపులో బాగానే కనపడిందే?"

"ఐదు నిమిషాలకి తెలీదు" అన్నాను.

"ఓహో. డాక్టరమ్మ చెప్పాక తిరుగేముంది" అని నాబ్ యాభై ఏడుకి తిప్పుకుంది.

మొదటి మలుపులోనే, "ఇదేంటి, రోడ్లు రెండున్నాయి!" అంది. అలవాటవుతుందని కింద నాన్న రోజూ అందరికీ చెప్పే మాట నేనూ చెప్పాను. అది నమ్మింది. పది నిమిషాలయ్యాక తీసేసి, కణతలు పట్టుకుని కూర్చుంది.

"నీ వంతు. ఆగాగు, నేను పెడతా. నీది అరవై నాలుగు కదూ?" అని తనే ప్రేమగా నాబ్ తిప్పి నా తలకి తొడిగింది.

మళ్ళీ ఆ రెండు రోడ్లు. ఈసారి కళ్ళజోడు కూడా ముక్కు మీద నొక్కుకుంటోంది. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా, "బాగుంది" అన్నాను. నోటికి అలవాటైన మాట. పైకి వచ్చిన అన్నయ్య నా ముక్కు మీద ఎర్రటి గుర్తు చూసి, "కళ్ళజోడుతో ఇరుకుగా ఉందా? ఆదివారం దాకా ఆగు" అన్నాడు. ఎందుకో నేను అడగలేదు.

రెండో రోజు రేడియోకి వాంతి వచ్చింది. మూడో రోజు హెడ్‌సెట్ ముట్టుకోలేదు. "నాకు పడదులే అన్నయ్యా, మీరు ఆడుకోండి" అని మంచం మీద పడుకుంది. నేను స్టూలు ఎక్కాను. పుస్తకానికి క్లిప్పు తీసేశాను. ఇల్లెగిరిపోయేలా అరిచాను. అన్నయ్య గేదె వంపు గాలిలా దాటేశాడు. గెలిచినట్టే ఉంది, ఒక పూట.

మర్నాడు గమనించాను, ఇంట్లో రేడియో మోగడం లేదు. అమ్మ పిలిస్తే "ఊఁ" అంటోంది. మధ్యాహ్నం గదిలోకి వెళ్తే అది గోడకి ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి క్యాలెండర్ గీతలు చూస్తోంది. తర్వాత రెండో కన్ను మూసి చూసింది. నన్ను చూడగానే చెయ్యి దించింది.

"తలుపు వెయ్యి," అంది. వేశాను.

"నీకొక్కదానికే చెప్తున్నా. నువ్వైతే ఎవరికీ చెప్పవు. మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది. గీతలు రెండుగా కనపడటం, తలనొప్పి. మేమంతా అలవాటవుతుందిలే అనుకున్నాం." "నాకూ వచ్చేసింది అనుకుంటా. పెద్దనాన్నకి చెప్పకే. అమ్మకి తెలిస్తే పడుకోదు, లేచి కూర్చుంటుంది. లేస్తే కన్ను పోతుందన్నారు."

చెప్పాల్సిన మాట ఒక్కటే, రెండే రెండు అంకెలు. కానీ, "నీకేం కాలేదు" అని మాత్రం అనగలిగాను.

"నీకెలా తెలుసు?" అంది నీళ్ళు నిండిన కళ్ళతో. నేను గదిలోంచి పారిపోయాను.

ఎవరికీ తెలియకుండా సరిచేద్దామనుకున్నాను. కొత్త చీటీలు రెండు రాసి, పాతవి చింపేసి, మూతలో అతికిస్తే సరి. షాపు మధ్యాహ్నం మూసి ఉంటుంది. ఖాళీ చీటీల కట్ట కోసం వెనక గదిలో అన్నయ్య సొరుగు తెరిచాను. కట్ట పైన ఒక చిన్న కవరు ఉంది. లోపల రెండు గుండ్రటి అద్దాలు, పలుచటి ప్లాస్టిక్ చట్రాల్లో బిగించి ఉన్నాయి. హెడ్‌సెట్ లోపలి అద్దాల ముందు సరిగ్గా కూర్చునేలా కోసినవి. కవరు మీద అన్నయ్య చేతిరాతతో నా కళ్ళ పవరు రాసి ఉంది. దాని కింద "బుడ్డి – 57". దాని కింద తేదీ. మేం బస్సెక్కి షాపుకి వెళ్ళడానికి రెండు రోజుల ముందుది. అంటే నాబ్ ఉన్నదే కొనాలని అప్పటికే అనుకున్నాడు.

"పట్టేశావా!" అన్నాడు వెనక నుంచి అన్నయ్య. "ఆదివారం ఇద్దామనుకున్నా. ఇది పెట్టుకుంటే కళ్ళజోడు అక్కర్లేదు. మూడుసార్లు పగిలాయే, మెషిన్ మీద అంత చిన్న గుండ్రం రావడం లేదు."

"యాభై ఏడని నీకెలా తెలుసు?"

"నీ అద్దాలు ఆరో తరగతి నుంచి ఎవరు కోస్తున్నారే? పక్కింటాయనా?"

"మరి చీటీలో..."

"చీటీలో యాభై ఏడు కనపడింది. ఈ ఇంట్లో యాభై ఏడంటే నువ్వే. పేరెందుకు చూస్తాను?" అన్నాడు. నా ముఖం చూశాడు. చూస్తూ ఉండగానే వాడి నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. "పేరు ఎవరిది రాశావ్?"

నా చూపు మేడ మెట్ల వైపు వెళ్ళింది. చెప్పక్కర్లేకపోయింది.

"నాలుగు రోజులుగా అది దాంతో..." అని ఆగిపోయాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మెషిన్ మీద పొడి వేలితో తుడిచి, ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు.

"చీటీలు మార్చేస్తాను," అన్నాను.

"సంతకం పెట్టిన చీటీ మార్చరు. నీకు తెలుసు." వాడి గొంతు నాన్న గొంతులా ఉంది. "తప్పు మీద అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, మళ్ళీ సంతకం పెట్టాలి. కొలిపించుకున్న మనిషి ముందు. తప్పు కూడా కనపడుతూ ఉండాలి."

పీడీ స్కేలు తీసుకుని మెట్లెక్కి, పెట్టె మూతలోంచి రెండు చీటీలూ ఊడదీశాను. పన్నెండు మెట్లు. రేడియో మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఎదురుగా స్టూలు వేసుకుని, అట్టముక్క పెట్టకుండానే కూర్చున్నాను. ఊగింది.

"ఇటు చూడు. మళ్ళీ కొలవాలి."

"ఎందుకు? మళ్ళీ ఏమైంది నా కళ్ళకి?"

"కదలకు."

ఈసారి అది జోకు వెయ్యలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. స్కేలు పెట్టాను. అరవై నాలుగు. చీటీ మోకాలి మీద పెట్టుకుని యాభై ఏడు మీద గీత కొట్టాను. పక్కన అరవై నాలుగు రాసి సంతకం పెట్టాను. ఈసారి చెయ్యి కదిలింది, సంతకం వంకర పోయింది.

"నీ కళ్ళకి ఏమీ కాలేదు. నీది అరవై నాలుగు. నాది యాభై ఏడు. నేనే తారుమారు చేసి రాశాను."

"పొరపాటునా?"

అవునని తల ఊపితే అయిపోయేది. "కాదు. కావాలని."

అది చీటీ తీసుకుంది. కొట్టేసిన అంకెని చాలాసేపు చూసింది.

"నాలుగు రోజులు," అంది. "బాత్రూములో ఒక కన్ను మూసుకుని ఎలా నడవాలో ప్రాక్టీసు చేశానే నేను." తర్వాత, "ఎందుకు?" అంది.

"నా స్టూలు మీద కూర్చున్నావని."

అది స్టూలు వైపు చూసింది, దాని కుంటి కాలు వైపు చూసింది. నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, "బయటికి పో" అంది. పోయాను. నా చీటీ మీదా అలాగే గీత కొట్టి, యాభై ఏడు రాసి సంతకం పెట్టాను. ఆ రోజంతా అది నాతో మాట్లాడలేదు. కానీ సాయంత్రం పిన్నితో ఫోన్లో గంటసేపు వాగింది. దాని గొంతు ఇల్లంతా వినపడింది.

ఆదివారం అన్నయ్య రెండు చీటీలనూ, అడ్డగీతలతో, రెండేసి సంతకాలతో, మళ్ళీ మూతలోనే అతికించాడు. నాన్న వచ్చి చూశారు. అప్పటి నుంచి నేను కొలిచిన చీటీలను నాన్న మళ్ళీ కొలుస్తున్నారు. ఎన్నాళ్ళో చెప్పలేదు.

నా అద్దాలు బిగించుకుని యాభై ఏడుకి తిప్పి చూశాను. ఒకే రోడ్డు. ఒక్కొక్క ఆకూ. మసక అనుకున్న బొమ్మ నాకు చాలినంత పదునుగా ఉంది. తర్వాత రేడియో నా అద్దాలు తీసి కవర్లో పెట్టి, అరవై నాలుగుకి తిప్పుకుని, స్టీరింగ్ ముందు కూర్చుంది.

"నోట్సు ఎవరు చదువుతారు?" అన్నాడు అన్నయ్య.

"అదే చదవాలి. రాసింది అదే కదా," అంది రేడియో, నా పేరెత్తకుండా. "వినపడేలా చదవమను."

స్టూలు మీద కూర్చున్నాను. కారు బయల్దేరింది. తలకి ఆ పెట్టె తొడుక్కున్న దానికి నేను కనపడను, నా పుస్తకం కనపడదు. దానికున్నది నా గొంతొక్కటే. బాగా నడుపుతోంది, నాకంటే బాగా. "వారెవ్వా!" అని అన్నయ్య దాని భుజం తట్టాడు. లోపల ఎక్కడో మళ్ళీ చురుక్కుమంది. గేదె వంపు దగ్గరపడుతోంది. కుడికి అన్నానంటే లోయలో పడుతుంది, పొరపాటు అనుకుంటారు.

"ఎడమ రెండు!" అని అరిచాను. "బిగుసుకుంటుంది! లోపలికి కోయకు, రాయుంది!"

అది నమ్మి ఎడమకే తిప్పింది.